డి డ్రైవ్ ఎక్కడికీ పోదులే అనుకోకండి

ప్రశ్న: అన్నయ్యగారూ, మాది తణుకు. ఇంట్లోనే తెలుగు డీటీపీ పని చేస్తాను. శుభలేఖలు, కరపత్రాలు, అప్పుడప్పుడు చిన్న పుస్తకాలు. 2016లో కొన్న ల్యాప్‌టాప్, ఐ3 ఆరో తరం, 4 జీబీ ర్యామ్, విండోస్ 10. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో, ఆపిల్ అనే తెలుగు కీబోర్డ్ లేఅవుట్‌లో కొడతాను. ప్రింటర్ కేనన్ ఎల్‌బీపీ 2900. మా బాబు ఇంటర్ రెండో సంవత్సరం, వాడి చదువుకీ ఇదే కంప్యూటర్. విండోస్ 10కి ఇక అప్‌డేట్లు రావని మెసేజ్ వస్తోంది. షాపులో అడిగితే దీంట్లో విండోస్ 11 ఎక్కదు, కొత్తది కొనుక్కోండి అన్నారు. మా తమ్ముడేమో విండోస్ బదులు వాడే లినక్స్ ఉచితం, ఆదివారం వచ్చి వేసేస్తానంటున్నాడు. ఒప్పుకోమంటారా? నా పని ఆగిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

సమాధానం: చెల్లెమ్మా, తమ్ముడి మాటకు ఒప్పుకోండి. కానీ ఈ ఆదివారం వద్దు. ఆషాఢమో, మూఢమో, ముహూర్తాలు లేని రోజులు చూసి పెట్టుకోండి, ఆ వారం కంప్యూటర్ మొరాయించినా ఎవరి శుభలేఖా ఆగదు. ఇంకో మాట మాత్రం ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేయండి: ఇప్పుడున్న హార్డ్‌డిస్క్‌ని ముట్టుకోవడానికి వీల్లేదు, లినక్స్ వేరే డిస్క్‌లోకే వెళ్లాలి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మన దగ్గర షాపులో 'ఫార్మాట్ కొట్టించడం' అంటే సి డ్రైవ్ ఖాళీ చేసి విండోస్ మళ్లీ ఎక్కించడం, డి డ్రైవ్ జోలికి వాళ్లు పోరు, అందుకని ముఖ్యమైనవన్నీ డిలో పడేస్తే వాటికేమీ కాదని మనందరికీ ఒక నమ్మకం పడిపోయింది. లినక్స్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'ఇరేజ్ డిస్క్' అని ఒక దారి చూపిస్తుంది. అక్కడ డిస్క్ అంటే మొత్తం డిస్క్. సి, డి, ఇ అన్నీ ఒకే డిస్క్‌లో కట్టుకున్న గదులు, గోడలతో సహా పోతాయి. పన్నెండేళ్ల కిందట మా ఇంట్లో కంప్యూటర్‌కి నేనే లినక్స్ వేస్తూ, డెస్క్‌టాప్ మీదవీ డాక్యుమెంట్స్‌లోవీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, డి ఎలాగూ ఉంటుంది కదా అని ఆ బటన్ నొక్కాను. మా నాన్నగారి షష్టిపూర్తి ఫొటోలన్నీ డిలోనే ఉన్నాయి. రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి రెండు రాత్రులు కూర్చుంటే కొన్ని వచ్చాయి, పేర్లు లేవు, తేదీలు లేవు, చాలావాటిలో పైసగం బొమ్మ, కిందసగం బూడిద రంగు. మా అమ్మ అక్షింతలు వేస్తున్న ఫొటోలో చెయ్యి వరకే ఉంది. మీకు పదేళ్ల శుభలేఖల ఫైళ్లు ఉండి ఉంటాయి, వాటికి ఆ గతి పట్టకూడదు.

ఇప్పుడు మీ షాపు వాళ్ల మాట. వాళ్లు చెప్పింది అబద్ధం కాదు. ఇంటెల్‌లో విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం నుంచే, పైగా టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. అడ్డదారిలో ఎక్కించేవాళ్లున్నారు గానీ అన్నం పెట్టే మెషిన్ మీద అలాంటి ప్రయోగం నేనైతే చేయను. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. అంటే కంప్యూటర్ ఆగిపోతుందని కాదు, కొత్తగా బయటపడే లోపాలకు ప్యాచ్‌లు రావడం ఆగుతుంది. ఇళ్లలో వాడేవాళ్ల కోసం మైక్రోసాఫ్ట్ 2026 అక్టోబర్ 13 వరకు ఒక పొడిగింపు పెట్టింది, సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలో నమోదు లింక్ కనిపిస్తే చేసేసుకోండి, ఆదరాబాదరాగా నిర్ణయం తీసుకోకుండా కాస్త ఊపిరి పీల్చుకునే సమయం దొరుకుతుంది.

మీ ఉత్తరంలో అసలు చిక్కు అను. మీ తమ్ముడు ఈ సంగతి ఆలోచించి ఉండడు, డీటీపీ పని చేయనివాళ్లకు ఇది తట్టదు. అను గానీ పేజ్‌మేకర్ గానీ లినక్స్ కోసం రాసినవి కావు. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే వైన్ అనే సదుపాయం ఉంది, దాంట్లో పేజ్‌మేకర్ తెరుచుకున్నా, మీరు కొట్టే ప్రతి మీటనూ మధ్యలో పట్టుకుని తెలుగు చేసే కీబోర్డ్ మేనేజర్ సరిగ్గా పని చేస్తుందన్న భరోసా లేదు. రేపు ఉదయానికి ప్రూఫ్ ఇవ్వాల్సిన మనిషి దాన్ని నమ్ముకోకూడదు. పేజ్‌మేకర్ ఫైళ్లను లిబ్రె ఆఫీస్ అనే ఉచిత ప్రోగ్రాంలోని డ్రా కొంతవరకు తెరుస్తుంది గానీ లోపల తెలుగు ఉండదు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన గజిబిజి కనిపిస్తుంది. అను ఫైలులో ఉండేది తెలుగు అక్షరాలు కాదు మరి. తలకట్లు, గుడులు, వత్తులు అనే ముక్కల్ని ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టిన ఫాంట్ అది, ఫాంట్ తీసేస్తే తెలుగే ఉండదు. అందుకే మీ పాత ఫైళ్లలో 'వేంకటేశ్వర' అని వెతికితే దొరకదు, వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే చదవడానికి రాదు.

కాబట్టి మీ విండోస్‌ని తీసేయమని నేను చెప్పను. దాన్ని ఇంటర్నెట్‌కి దూరంగా, డీటీపీకి మాత్రమే ఉంచండి. బ్యాంకు, మెయిల్, యూట్యూబ్, బాబు చదువు, అంటే బయటి ప్రపంచంతో సంబంధం ఉన్నవన్నీ లినక్స్‌లోకి మార్చండి. అను, పేజ్‌మేకర్ పని చేయడానికి నెట్‌తో పనిలేదు కదా. పేజ్‌మేకర్ ఏడో వెర్షన్ వచ్చింది 2001లో, అదే చివరిది, దానికి కొత్తగా వచ్చేదేమీ లేదు. ప్యాచ్‌లు రాని విండోస్‌కి ముప్పు ఎక్కువగా నెట్ నుంచి వస్తుంది, కస్టమర్ల పెన్‌డ్రైవ్‌ల నుంచి వస్తుంది. ఇక నుంచి కస్టమర్ పెన్‌డ్రైవ్ ఏది వచ్చినా ముందు లినక్స్‌లో పెట్టి తెరవండి. విండోస్ వైరస్‌లు అక్కడ నడవవు. మీక్కావాల్సిన ఫొటో, మేటరు మాత్రం తీసుకుని పెన్‌డ్రైవ్ తిరిగి ఇచ్చేయండి.

ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు డిస్కులు ఎలా అంటారేమో. 2016 నాటిది కాబట్టి మీ దాంట్లో డీవీడీ డ్రైవ్ ఉండే అవకాశం ఎక్కువ. మీరు చివరిసారి డీవీడీ ఎప్పుడు పెట్టారు? ఆ డ్రైవ్ తీసేసి, దాని చోట క్యాడీ అనే చిన్న చట్రంలో పాత హార్డ్‌డిస్క్ బిగించొచ్చు. హార్డ్‌డిస్క్ ఉన్న అసలు చోట, దానికంటే వేగంగా పని చేసే ఎస్‌ఎస్‌డీ అనే కొత్త రకం డిస్క్ పెట్టాలి. రిపేరు షాపుల వాళ్లకు ఇది అలవాటైన పనే. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ చాలు, రెండున్నర అంగుళాల సాటా రకం. వీలైతే ర్యామ్ కూడా 8 జీబీ చేయించండి, అయితే ఆరో తరం ల్యాప్‌టాప్‌లలో డీడీఆర్3ఎల్ వేసినవీ ఉన్నాయి, డీడీఆర్4 వేసినవీ ఉన్నాయి, మూత తీసి చూశాకే కొనాలి. కొన్ని మోడళ్లు క్యాడీలో ఉన్న డిస్క్ నుంచి బూట్ కావు, అంటే ఆ డిస్క్‌తో మొదలు కావు, మీ మోడల్ అవుతుందా లేదా అని ముందే అడగండి. కాకపోతే పాత డిస్క్‌ని దాని చోటే ఉంచి ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీ కేసులో బిగించి బయటి నుంచే లినక్స్ నడపొచ్చు, యూఎస్‌బీ 3 పోర్ట్‌లో పెడితే వేగం బాగానే ఉంటుంది.

లినక్స్ ఎక్కించేటప్పుడు పాత హార్డ్‌డిస్క్‌ని బయటికి తీసి బల్ల మీద పెట్టమనండి. మిషన్‌లో లేని డిస్క్‌ని ఎవరూ చెరపలేరు. మీ తమ్ముడు 'అక్కర్లేదక్కా, నేను చూసుకుని నొక్కుతా' అంటాడు. నేనూ చూసుకునే నొక్కాను.

లినక్స్‌లో చాలా రకాలున్నాయి, మీకు నేను చెప్పేది లినక్స్ మింట్. కింద ఎడమ వైపు మెనూ, కుడి వైపు గడియారం, మీ చెయ్యి వెతుక్కోదు. 8 జీబీ ఉంటే సినమన్ ఎడిషన్, 4 జీబీతోనే ఉండిపోతే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ తీసుకోండి. ఇప్పటి 22 సిరీస్‌కి 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. తమ్ముడు ఆర్చ్ లాంటిదేదైనా వేస్తానంటే వద్దనండి, అది మంచిదే కానీ దానికి రోజూ ఎవరో ఒకరు ఆలనాపాలనా చూడాలి, అతను ఆదివారం వచ్చి సోమవారం వెళ్లిపోతాడు.

ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ మీద నడిపి చూడొచ్చు. మింట్ సైట్ నుంచి దించుకునే ఫైలు దాదాపు 3 జీబీ. 8 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకుని ఎచర్ అనే ప్రోగ్రాంతో దాంట్లోకి రాయాలి, మామూలుగా కాపీ చేస్తే బూట్ అవదు, పెన్‌డ్రైవ్‌లో అంతకుముందు ఉన్నవన్నీ పోతాయి. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూ డెల్, లెనోవోల్లో అయితే ఎఫ్12, హెచ్‌పీలో అయితే ఎస్కేప్ నొక్కి తర్వాత ఎఫ్9. డెస్క్‌టాప్ వచ్చాక వైఫై కలుస్తోందా, పాట పెడితే వినిపిస్తోందా, కెమెరా తెరుచుకుంటోందా, వెలుతురు మీటలు పని చేస్తున్నాయా, మూత మూసి తెరిస్తే లేస్తోందా చూడండి. పెన్‌డ్రైవ్ మీద నెమ్మదిగా ఉంటుంది, ఆ వేగం చూసి నిరుత్సాహపడొద్దు. ఎస్‌ఎస్‌డీ మీద ఇదే ల్యాప్‌టాప్ మీరు గుర్తుపట్టలేనంత చురుగ్గా ఉంటుంది. నిజం చెప్పాలంటే అందులో సగానికి పైగా గొప్ప ఎస్‌ఎస్‌డీదే.

ఇప్పుడు తెలుగు. ప్రపంచ భాషల అక్షరాలకు ఒక్కోదానికీ ఒక సంఖ్య ఇచ్చే పద్ధతి యూనికోడ్, అందులో తెలుగు మొదటి వెర్షన్ నుంచీ ఉంది, అంటే 1991 నుంచి. ఫిన్లండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి లినక్స్ మొదలుపెట్టిందీ ఆ ఏడే. మింట్‌లో ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డ్ కావాలంటే కీబోర్డ్ సెట్టింగ్స్‌లో తెలుగు లేఅవుట్ చేర్చుకుంటే సరిపోతుంది. మీకు కావాల్సింది ఆపిల్ కదా, దానికి సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఐబస్ ఎమ్17ఎన్ అని వెతికి వేసుకోండి. అందులో ఆపిల్, పోతన, సరళ, ఆర్‌టీఎస్ లాంటి తెలుగు కీబోర్డులు ఉంటాయి. మీ వేళ్లకు అలవాటైన అను ఆపిల్‌కీ దీనికీ అక్కడక్కడా తేడాలు తగలొచ్చు. ముఖ్యంగా వత్తుల దగ్గర ఆలోచన మారాలి. యూనికోడ్‌లో 'స్త్రీ' అంటే లోపల స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం, మొత్తం ఆరు. వత్తు ఎక్కడ కూర్చోవాలో ఫాంట్ చూసుకుంటుంది. మొదటి వారం విసుగొస్తుంది, రోజుకో పేజీ కొట్టండి, వేళ్లు దారిలో పడతాయి.

ఫాంట్ల విషయంలో మనకు బాగా మేలు చేసినవాళ్లున్నారు. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లను స్వేచ్ఛగా పంచిపెట్టారు. సిలికానాంధ్ర వాళ్లు మండలి, రామభద్ర, సూరన్న, రవిప్రకాశ్, గురజాడ, ఇంకా చాలా ఫాంట్లు విడుదల చేశారు. డబ్బు తీసుకుని చేసే పనికి కూడా వాటిని వాడుకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. శుభలేఖ తలకట్టుకు కావాల్సిన సింగారం అనులో ఉన్నంత విస్తారంగా ఇక్కడ లేదు, ఆ లోటు ఉంది. లోపలి మేటరుకి, పుస్తకాలకి మాత్రం ఏ లోటూ లేదు.

పేజ్‌మేకర్ చోట స్క్రైబస్ అని ఉంది, ఉచితం, ఫ్రేములు, మాస్టర్ పేజీలు, సీఎంవైకే, ప్రెస్‌కి పీడీఎఫ్, అన్నీ ఉన్నాయి. పాత 1.4 వెర్షన్లలో తెలుగు విడిపోయేది, వత్తులు పక్కకి వచ్చి కూర్చునేవి, అది చూసి ఇది మనకి పనికిరాదని వదిలేసినవాళ్లు చాలామంది ఉన్నారు. 2024లో వచ్చిన 1.6 గానీ ఆ తర్వాతది గానీ వేసుకోండి. ఒక ఫ్రేమ్ గీసి 'శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు' అని కొట్టండి. 'ఘ్న' దగ్గర న వత్తు కింద కుదురుగా పడి, 'స్తు'లో కొమ్ము సరైన చోట ఉంటే ఆ ఫాంట్‌తో పని నడిచినట్టే. తర్వాత అదే పేజీని పీడీఎఫ్ చేసి మళ్లీ చూడండి, తెర మీద బాగుండి పీడీఎఫ్‌లో తప్పితే ప్రెస్‌లో పరువు పోతుంది. మీరు పని ఇచ్చే ప్రెస్ వాళ్లు పీడీఎఫ్ తీసుకుంటారో, పేజ్‌మేకర్ ఫైలే కావాలంటారో కూడా కనుక్కోండి. వాళ్లు పేజ్‌మేకరే కావాలన్నంత కాలం శుభలేఖలు విండోస్‌లోనే చేయండి, అందులో తప్పేమీ లేదు. పుస్తకం పని వచ్చినప్పుడు మాత్రం యూనికోడ్‌లో మొదలుపెట్టి చూడండి. ఆ రచయితకి ఫైలు ఎప్పటికీ ఉపయోగపడుతుంది, వెతుక్కోవచ్చు, ఫోన్‌లో చదువుకోవచ్చు, రెండో ముద్రణకి మళ్లీ టైపు చేయించుకోనక్కర్లేదు. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లున్నాయి గానీ మార్చాక ప్రూఫ్ చూడాల్సిందే.

ఇంకో సౌకర్యం ఉంది. స్క్రైబస్, లిబ్రె ఆఫీస్, ఫైర్‌ఫాక్స్ ఇవన్నీ విండోస్‌లోనూ నడుస్తాయి. మూఢం వచ్చేదాకా ఆగమన్నాను కదా, ఈలోపు మీ విండోస్‌లోనే వీటిని వేసుకుని అలవాటు చేసుకోండి. ప్రోగ్రాములు ముందు మారి, ఆపరేటింగ్ సిస్టమ్ తర్వాత మారితే పెద్ద మార్పులా అనిపించదు. రెండూ ఒకే రోజు మారితే మూడో రోజుకి పాతదే వేసేయమంటారు, చాలా ఇళ్లలో ఇదే జరుగుతోంది.

ప్రింటర్ దగ్గర కాస్త కష్టం ఉంది. ఎల్‌బీపీ 2900 మన దగ్గర జిరాక్సు షాపు షాపునా ఉంటుంది, మొండిగా పని చేస్తుంది, కానీ అది క్యాప్ట్ అనే సొంత భాషలో మాట్లాడుతుంది. కేనన్ లినక్స్ డ్రైవర్ ఇచ్చింది, అది పాతది, కొత్త సిస్టమ్స్ మీద కుదర్చడం ఓపిక పని. తమ్ముడు ప్రయత్నిస్తే మంచిదే, కుదరకపోతే లినక్స్‌లో పీడీఎఫ్ చేసుకుని విండోస్‌లోకి వెళ్లి ప్రింట్ తీయండి. దీనికోసం ప్రింటర్ మార్చొద్దు. ఎప్పుడైనా కొత్తది కొంటే ఎయిర్‌ప్రింట్ ఉన్నది చూసి కొనండి, అలాంటివి లినక్స్‌లో డ్రైవర్ లేకుండానే నడుస్తాయి.

బాబు సంగతి తేలిక. నెట్‌లో రాసే మాక్ టెస్టులు, వీడియో పాఠాలు బ్రౌజర్‌లో మామూలుగానే వస్తాయి. కోచింగ్ వాళ్లు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చే క్లాసులు మాత్రం విండోస్ ప్రోగ్రాంతోనే తెరుచుకునే రకం అయితే ఇక్కడ రావు, వాటికి విండోస్‌లోకి వెళ్లాలి. వాలొరాంట్ లాంటి ఆట ఆడుతుంటే అది లినక్స్‌లో నడవదు, ముందే చెప్పేయండి, తర్వాత గొడవ ఉండదు. ఇంజినీరింగ్‌లో చేరితే సీ, పైథాన్ నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు కంప్యూటర్ నేర్చుకుంటున్నది లినక్స్ మీదే.

మొదలుపెట్టాక రెండు చిన్న తికమకలు వస్తాయి, ముందే చెబితే కంగారుపడరు. లినక్స్ వాడి విండోస్‌లోకి వెళ్లినప్పుడు గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోయి ఉంటుంది. కంప్యూటర్ పాడవలేదు. లోపలి గడియారాన్ని లినక్స్ గ్రీనిచ్ టైముకి పెడుతుంది, విండోస్ దాన్నే మన టైము అనుకుంటుంది, తేడా సరిగ్గా ఐదున్నర. లినక్స్‌ని మన లోకల్ టైమ్ వాడమని చెప్పే ఒక్క కమాండ్‌తో సర్దుకుంటుంది, తమ్ముడికి తెలుస్తుంది. రెండోది, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయించండి. అది ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా పడుకోదు, దాని డ్రైవ్‌లలోకి లినక్స్ నుంచి ఏమీ రాయనివ్వదు, ఫైలు కాపీ కావట్లేదేమిటని మీరు అరగంట తలపట్టుకుంటారు.

తమ్ముడు 'ఉచితం' అన్నాడు, నిజమే, రూపాయి అక్కర్లేదు. కానీ ఇంగ్లీషులో దాన్ని ఫ్రీ అన్నవాళ్లు ముందుగా ఉద్దేశించింది ధర కాదు, స్వేచ్ఛ. వాడుకునే, విప్పి చూసుకునే, మార్చుకునే, పంచుకునే స్వేచ్ఛ. మనవాళ్లు హైదరాబాద్‌లో ఆ పేరుతోనే స్వేచ్ఛ అనే సంస్థ పెట్టుకుని లినక్స్‌ని తెలుగులోకి తెచ్చే పని చేశారు. మింట్‌లో భాష తెలుగు పెట్టుకుంటే మెనూల్లో కనిపించే మాటలు ఎవరో కొందరు వలంటీర్లు రాత్రులు కూర్చుని అనువదించినవి. కొన్ని అనువదించకుండానే మిగిలిపోయాయి, కొన్ని చోట్ల మాట కుదరలేదు. తెలుగు అక్షరం మీద ఇంత కాలంగా బతుకుతున్న మీలాంటివాళ్లు ఆ తప్పులు పట్టగలరు, పట్టుకుని పంపితే అవి సరిదిద్దుకుంటాయి కూడా. ఒకప్పుడు నేను పంపిన రెండు మాటలు తర్వాతి వెర్షన్‌లో మారి కనిపిస్తే ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

ఆదివారం తమ్ముడు ఎలాగూ వస్తాడు కాబట్టి ఖాళీగా పంపకండి. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఒకటి తెమ్మని, డి డ్రైవ్ మొత్తం, డెస్క్‌టాప్, అను ఫాంట్ల ఫోల్డర్, పేజ్‌మేకర్, అను ఇన్‌స్టాల్ ఫైళ్లు, అన్నీ దాంట్లోకి కాపీ చేయించండి. కాపీ అయ్యాక అక్కడి నుంచే ఒక పాత శుభలేఖ, ఒక పుస్తకం, ఒక ఫొటో తెరిచి చూడండి. మూడూ సరిగ్గా తెరుచుకున్నాక డిస్క్ తీసి బీరువాలో పెట్టేయండి.